మిద్దె మీద దేవపాలు సార్

దేవపాలు సార్ ముందు రెండు టార్చిలైట్లు పెట్టి ఒకటి తీసుకోమంటే, ఆ వారమంతా ఆయన ఇల్లు చీకట్లో ఉంటుంది. ఇది కడుపుమంటతో అంటున్న మాట కాదు. జమ్మలమడుగు హైస్కూల్లో పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ని. రిటైరయ్యాక నాకు ఇల్లు దొరికింది కూడా ఆయన వీధిలోనే, నాలుగిళ్ల అవతల. శిక్ష ఇంకా పూర్తికాలేదని సరిపెట్టుకున్నాను.

ఆయన సైన్సు సార్, నేను తెలుగు సార్. నాకేదైనా కావాలంటే అంగడికి పోయి కొనుక్కుంటాను. ఆయన కొనడు, విచారణ జరుపుతాడు. ప్రతి విచారణకూ ఒక పొడుగు నోటుబుక్కు ఉంటుంది. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీస్తాడు. ఎడమ పక్క ఒక సరుకు గుణగణాలు, కుడి పక్క ఇంకో సరుకువి. మిక్సీ కోసం నింపిన నోటుబుక్కు నేను కళ్లారా చూశాను. ఆయన చివరి పేజీకి చేరేలోగా ఆ రెండు రకాల మిక్సీలూ బజారులో దొరకడం మానేశాయి. ఆయన భార్య సారమ్మ ఇప్పటికీ రోట్లోనే రుబ్బుతుంది. "ఇంకో విచారణ పెడితే నాకు రోలు గూడా మిగలదు సార్" అంటుంది నాతో.

సారమ్మ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. మాట కరుకు, గొంతు మెత్తన. పదిహేడో ఏట చర్చి పాటల బృందంలో చేరింది, ఇప్పుడు యాభై తొమ్మిది. మా చర్చి మిషన్ దొరల కాలంలో కట్టింది. పాటల బృందానికి వాకిలి పైన అటక మాదిరి ఒక గ్యాలరీ ఉంది. పాట మా వెనక నుంచి, మా తలల మీదుగా వస్తుంది. ఆరాధన జరుగుతుండగా వెనక్కి తిరిగి చూడటం మా దగ్గర తప్పు. చిన్నప్పుడు తల తిప్పితే, పక్కనున్న పెద్దాయన ఎవరైనా సరే చెవి పట్టుకుని ముందుకు తిప్పేవాడు. దేవపాలు సార్ ముందు వరుసలో కూర్చుంటాడు. చెవులు తిప్పే పెద్దల్లో ఇప్పుడాయనే మొదటివాడు. దీనివల్ల జరిగిందేమిటంటే, నలభై రెండేళ్లుగా సారమ్మ మా తలకాయల వెనక భాగాలు చూస్తూ పాడింది, మేం ఆమె మొహం చూడకుండా విన్నాం. కట్టుకున్నవాడు కూడా ఆమె పాడుతుండగా చూసిందిలేదు. ఇంట్లో పాడమంటే "గ్యాసు పొయ్యి కాడ పాటలేంది" అని కసిరేది.

పోయిన నవంబరులో మా బృందాన్ని విజయవాడకు పిలిచారు. టీవీలో క్రిస్మస్ కార్యక్రమం కోసం ఒక పాట రికార్డు చేసుకున్నారు. డిసెంబరు ఇరవై నాలుగున, సాయంత్రం నాలుగు గంటలకు వస్తుందని పాస్టరు గారు చర్చిలో ప్రకటించారు. సారమ్మ రెండో వరుసలో, ఎడమ నుంచి మూడో మనిషి. ఆరోజు నేను వాళ్లింట్లో టీ తాగుతుండగా ఆమె మొగుడితో అంది.

"నేను పాడేటప్పుడు నా మొగం ఎట్లుంటాదో ఒక్కసారి చూడాలయ్యా. నువ్వు గూడా చూడాల. అంతలోపల ఆ టీవీ సంగతేందో చూడు."

ఆమె తనకోసం ఏదైనా అడగ్గా వినడం నాకదే మొదలు. అడిగింది పట్టుచీర కాదు, నగ కాదు. నాలుగు నిమిషాల పాట. ఇంట్లో టీవీ ఉంది గానీ దాంట్లోకి బొమ్మ వచ్చే దారి లేదు. ఎండాకాలంలో సార్ కేబుల్ వాడితో తగువు పెట్టుకున్నాడు. వాడు వారానికోసారి ఛానెళ్ల నంబర్లు మార్చేవాడు. ఏ ప్రాతిపదికన మారుస్తున్నావో రాతపూర్వకంగా ఇమ్మన్నాడు సార్. వాడు రాసివ్వలేదు గానీ వైరు కోసి చేతికిచ్చిపోయాడు.

"గాల్లో ఊరికే వచ్చేదానికి నెలనెలా వానికి కప్పం కట్టేదేంది? ఫ్రీగా చూద్దాం" అన్నాడు సార్.

నోటుబుక్కు బయటికొచ్చింది.

ఊరికే టీవీ చూడటానికి రెండు దారులు. ఒకటి, మిద్దె మీద గొడుగు లాంటి డిష్ పెట్టి, ఆకాశంలో ఉపగ్రహం నుంచి బొమ్మ దింపుకోవడం. రెండోది, పాతకాలం మాదిరి ఇనుప పైపుకు యాంటెన్నా కట్టి, నేల మీదున్న టవర్ నుంచి పట్టుకోవడం. దేనికి దాని పెట్టె వేరు. ఒకసారి పెట్టె కొంటే ఆపైన ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. మా వీధిలో పది మిద్దెల మీద డిష్‌లు ఉన్నాయి. యాంటెన్నా ఎవరి మిద్దె మీదా లేక చాలా ఏళ్లయింది. మామూలు మనిషికి ఈ సంగతి చాలు. సార్ మామూలు మనిషి కాదు.

"ఉపగ్రహం ముప్పై ఆరువేల కిలోమీటర్ల పైన ఉండాది. మన టవర్ ముద్దనూరు రోడ్డు గుట్ట మీద, మూడు కిలోమీటర్లు. మూడు కిలోమీటర్ల నుంచి వచ్చేదాన్ని ఇడిసిపెట్టి ముప్పై ఆరువేల నుంచి తెచ్చుకుంటారా ఎవరన్నా?" అన్నాడు నాతో.

ఆ తర్కంలో తప్పు నాకు కనపడలేదు. సైన్సు సార్ల తప్పులు తెలుగు సార్లకు ఎప్పుడు కనపడ్డాయి గనుక.

ఆ టవర్ మీద ఆయనకు వేరే ప్రేమ కూడా ఉంది. అది కట్టిన ఏడాది ఆయనకు పెళ్లైన కొత్త. బడిపిల్లలను వరుసగా నడిపించుకుపోయి, గుట్ట ఎక్కించి, తరంగాల పాఠం అక్కడే బండ మీద నిలబడి చెప్పాడట. వీధిలో మొదటి టీవీ కొన్నదీ ఆయనే. ఆ రోజుల్లో గాలి గట్టిగా వీస్తే యాంటెన్నా తిరిగిపోయేది, బొమ్మ పోయేది. సార్ మిద్దెక్కి పైపు తిప్పేవాడు. సారమ్మ టీవీ ముందు నిలబడి చూసి కేకేసేది. "వచ్చిందా?" "రాలే." "ఇప్పుడు?" "వచ్చె... పోయె." కొత్త దంపతులు వీధంతా వినపడేట్టు అంతంతసేపు మాట్లాడుకోవడం ఆ వీధి అంతకుముందు ఎరగదు. ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

టవర్ మీద ఎర్ర లైటు నేటికీ రోజూ రాత్రి వెలుగుతుంది. సార్ భోంచేసి మిద్దె మీద పచార్లు చేస్తూ దాన్ని చూస్తాడు. లైటు వెలుగుతోంది కాబట్టి టవర్ పనిచేస్తోంది. ఈ వాక్యాన్ని నోటుబుక్కులో ఎర్ర ఇంకుతోనే రాసుకున్నాడు.

ఆయన ఇంటికి గోడ ఆనుకుని దస్తగిరి ఇల్లు. ఇళ్ల మీద డిష్‌లు బిగించడం దస్తగిరి వృత్తి. ఇంట్లో భార్య జానీబీ, కోడలు రేష్మా. కొడుకు అబ్రార్ కువైట్‌లో ఉంటాడు, సార్ దగ్గర చదువుకున్నవాడే. ఇంత దగ్గర్లో పనితెలిసినవాడు ఉన్నప్పుడు విచారణ ఒక్క పూటలో తేలిపోవాలి. తేలలేదు. దస్తగిరి తనంతట తానే గోడ మీదుగా చెప్పాడు.

"డిష్ పెట్టుకోండి సార్. గంట పని. నా చేత్తో నేనే బిగిస్తా. ఆ టవర్ నుంచి ఏం రావడంలే, శానా దినాలైంది."

"ఎర్ర లైటు ఎలుగుతాంది గదప్పా?"

"లైటు ఎలుగుతాంది సార్. బొమ్మ రాదు."

"చూస్తాంలే" అన్నాడు సార్. దస్తగిరి లోపలికి పోయాక గొంతు తగ్గించి నాతో అన్నాడు, "డిష్‌లు బిగించేటోడు డిష్ మంచిదనక ఏమంటాడు సార్? సాక్షికి లాభం ఉండకూడదు."

పని తెలిసినవాడికి ఆ పనిలో లాభం ఉంటుంది. లాభం లేనివాడికి పని తెలియదు. కాబట్టి సార్ విచారణలన్నీ ఏమీ తెలియనివాళ్ల సాక్ష్యం మీదే నడుస్తాయి. ఆ లెక్కన మొదటి సాక్షిని నేనే.

రెండో సాక్షి పులివెందులలో ఉండే సారమ్మ తమ్ముడు పాల్ రాజు. చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతు. మూడేళ్లుగా అతని మిద్దె మీద డిష్ ఉంది. సార్ నన్ను కూడా బస్సెక్కించాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను గొణుక్కున్నాను గానీ, పాల్ రాజు ఇంట్లో మాంసం కూర బాగా వండుతారు. భోజనాలయ్యాక టీవీ పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది. సార్ ముఖం చిన్నబోయింది. అంతలో ఎక్కడినుంచో మబ్బు కమ్మి బోరున కురిసింది. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి నిలిచిపోయింది. పాల్ రాజు వాన చూసి వాకిట్లోకి పోయి చేతులు జోడించి తడుస్తూ నిలబడ్డాడు. సార్ నోటుబుక్కు తీసి టైం రాసుకున్నాడు. పన్నెండు నిమిషాలు.

"బావా, మూడు నెలల్లో ఇట్లాంటి వాన ఇదే" అన్నాడు పాల్ రాజు తల తుడుచుకుంటూ. "బొమ్మ పోతే పోనీలే, వాన ముఖ్యం గదా."

"ఇరవై నాలుగో తేదీ నాలుగు గంటలకు ఇంకొకటి వస్తే?"

"వస్తే మంచిదే గదా బావా" అన్నాడు పాల్ రాజు. రైతుకు అంతకన్నా జవాబు తోచలేదు.

వాన కోసం ప్రార్థనలు చేసే జిల్లాలో, వాన వస్తుందేమోనన్న భయంతో డిష్‌ను వద్దని కొట్టేసిన మనిషి ఈయనొక్కడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తిరుగు బస్సులో నోటుబుక్కు కుడి పక్క పేజీ మీద అడ్డంగా గీత పడింది.

అప్పటికి డిసెంబరు ఇరవై రెండు వచ్చింది. ఆరోజు ప్రొద్దుటూరు పోయాం. బంగారు అంగళ్ల వీధి దాటాక ఒక ఎలక్ట్రానిక్స్ అంగడి. "యాంటెన్నాకు పెట్టే సెట్ టాప్ బాక్స్ ఉందా?" అని సార్ అడగ్గానే అంగడాయన మొహం, తప్పిపోయిన బంధువు తిరిగొచ్చినట్టు వెలిగింది. నిచ్చెన వేసుకుని అటక మీంచి పెట్టె దింపాడు. ఊదితే దుమ్మంతా నా చొక్కా మీద పడింది.

"డిష్ పెట్టె అందరూ కొంటారు సార్. దీన్ని మీ మాదిరి తెలిసినోళ్లే అడుగుతారు."

"జమ్మలమడుగులో సిగ్నల్ వస్తాదా?" అని అడిగింది నేను.

"పెట్టెలో ఏం లోపం లేదు సార్" అన్నాడు అంగడాయన.

నేనడిగినదానికి అది జవాబు కాదని బస్సెక్కాక నాకు తట్టింది. సార్‌కు బస్సు దిగాక కూడా తట్టలేదు. తెలిసినోళ్లు అన్న మాట ఆయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

సాయంత్రానికి మిద్దె మీద పైపు లేచింది. యాంటెన్నా గుట్ట వైపు తిరిగింది. సారమ్మ టీవీ ముందు నిలబడింది. పెట్టె వెతికింది, వెతికింది, దొరికిన ఛానెళ్లు సున్నా అని చూపించింది.

"వచ్చిందా?" అని పైనుంచి కేక.

"రాలే" అంది సారమ్మ, నవ్వింది. చాలా ఏళ్ల తర్వాత ఆ మాట అనడం ఆమెకు సరదాగా ఉన్నట్టుంది. పదోసారికి నవ్వు తగ్గింది. ఇరవయ్యోసారికి చీకటి పడింది. "ఇంకా రెండు దినాలుండాయి గదా" అని ఆమే ఆయనకు ధైర్యం చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సార్ నా స్కూటర్ ఎక్కాడు. గుట్ట మీద టవర్ గది నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. సార్ విషయం చెప్పాడు.

"మిషను ఆపేసి నాలుగేండ్లాయ సార్. లారీలో ఏసుకుని పాయిరి" అన్నాడు వాచ్‌మన్.

"మరి ఎర్ర లైటు?"

"ఇమానాలు తగలకుండా సార్. టవర్ నిలబడుండేదాకా లైటు ఎలగాల్నంట."

"మరి నువ్వు దేనికి కాపలా?"

"టవర్‌కు సార్."

"దీన్ని ఎవడెత్తుకపోతాడప్పా?"

"నేనుండాను గదా. అందుకే ఇంతవరకు ఎవడూ ఎత్తుకపోలే" అన్నాడు వాచ్‌మన్, కొంచెం నొచ్చుకుని.

నాకు నవ్వొచ్చింది. పక్కకు చూస్తే ఆగిపోయింది. సార్ పోయి ఆ టవర్ కాలిమీద అరచేయి ఆనించి నిలబడ్డాడు, రోగికి జ్వరం చూసినట్టు. పక్కనే ఆయన పాఠం చెప్పిన బండ. స్కూటర్ ఎక్కేముందు ఒక్కటే మాటన్నాడు. "సారమ్మకు చెప్పొద్దు సార్." చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ కథలో నా తప్పు అది.

ఇంటి ముందు దిగుతుంటే దస్తగిరి ఎదురొచ్చాడు. మా మొహాలు చూడగానే అతనికి అర్థమైంది. మంచివాడు, ఎత్తిపొడవలేదు.

"ఇప్పుడన్నా బిగిస్తా సార్. గంట పని."

ఊఁ అంటే అయిపోయేది. సార్ నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, మిద్దె మీద తన పైపు వైపు చూశాడు. "రేపు చూద్దాంలే దస్తగిరీ" అన్నాడు. ఐదు వారాలు డిష్‌ను చదివి కొట్టేసిన మనిషి ఐదు నిమిషాల్లో దాని కిందికి ఎట్లా వస్తాడు.

ఆ రేపు వచ్చింది. పన్నెండు దాకా అటూ ఇటూ తిరిగి, చివరికి గొంతు సవరించుకుని దస్తగిరి వాకిట్లో నిలబడ్డాడు సార్. దస్తగిరి లేడు. పండగ కదా, లింగాల పక్క పల్లెల్లో నాలుగు డిష్‌లు బిగించాలని పొద్దున్నే పోయాడు. ఫోన్ చేస్తే అక్కడెవరిదో మిద్దె మీద ఉన్నాడు. "పొద్దుగూకినాక వస్తా సార్, ఏమనుకోవద్దు" అన్నాడు.

మూడున్నరకు జానీబీ వచ్చింది. "మా ఇంట్లో చూద్దాం రా అక్కా. సార్ను గూడా పిల్చుకురా."

సారమ్మ అప్పటికే తల దువ్వుకుని, విజయవాడలో కట్టుకున్న నీలం చీరే కట్టుకుని ఉంది. మొగుడి కోసం చూస్తే ఆయన నిచ్చెన మీద ఉన్నాడు, చంకలో ఇంకో పైపు.

"నువ్వు పో. నేను ఇది జాయింట్ చేస్తాండా. యాడో పెద్దూర్లలో కొత్త టవర్లుండాయంట. ఎత్తు పెంచితే అందుకోవచ్చు."

"ఏమయ్యా, మనిషి ఎత్తు పైపుకు పెద్దూర్లు అందుతాయా?"

"సైన్సు నాకు చెప్పొద్దు. ఐదు నిమిషాల్లో వస్తా, పో."

నాకు మాత్రం ఏ సిద్ధాంతమూ లేదు కాబట్టి నేరుగా జానీబీ ఇంట్లోకి పోయి, కిటికీ పక్క మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఆ కిటికీలోంచి దేవపాలు సార్ పెరడూ, మిద్దె మెట్లూ కనపడతాయి. రేష్మా కువైట్‌లో ఉన్న అబ్రార్‌కు వీడియో కాల్ చేసి, ఫోన్‌ను నీళ్లచెంబుకు ఆనించి టీవీ వైపు తిప్పి పెట్టింది. అక్కడ వాళ్లకు భోజనాల టైము. అబ్రార్ రొట్టె తింటూ చూస్తున్నాడు.

నాలుగింటికి మొదలైంది. ముందు పెద్దల సందేశాలు, ఒకరి తర్వాత ఒకరు, కొవ్వొత్తుల మధ్య. తర్వాత వేరే ఊళ్ల పాటలు రెండు. సారమ్మ చాప మీద అంచుకు కూర్చుని, క్షణానికోసారి వాకిలి వైపు చూస్తోంది. నాలుగూ ఇరవైకి తెర మీద మా బృందం కనపడింది. ఆమె చటుక్కున లేచింది.

"కూచో అక్కా, వస్తాంది" అంది జానీబీ.

"ఆయన చూడాల గదా జానీబీ. బిన్నే, ఒక్క ఉరుకులో పిల్చుకొస్తా."

ఇక నాకు ఒక పక్క టీవీ, ఇంకో పక్క కిటికీ. కిటికీలో సారమ్మ మెట్ల దగ్గరికి ఉరికింది. పైన సార్ రెండు పైపులు కలిపిన చోటును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. వదిలితే పడిపోతుంది.

"దిగయ్యా, మా పాట వస్తాంది. దిగు."

"ఒక్క నిమిషం. ఇట్లా తిప్పినా. లోపలికి పోయి చూడు. వచ్చిందా?"

ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు ఎంత చెడ్డదో ఆరోజు చూశాను. వచ్చిందా అని పైనుంచి కేక వినపడితే లోపలికి పోయి చూడాలి. ఆమె కాళ్లకు అంతే తెలుసు. మా వైపు తిరగాల్సిన మనిషి తన ఇంట్లోకి తిరిగింది. "సారమ్మా, ఈడ, ఈడ" అని కిటికీలోంచి అరిచాను. అప్పటికే లోపలికి పోయింది.

టీవీలో రెండో చరణం ఎత్తుకున్నారు. కెమెరా మొదటి వరుస దాటి రెండో వరుస మీదికి వచ్చింది. ఎడమ నుంచి ఒకరు, ఇద్దరు, మూడో మనిషి దగ్గర ఆగింది. తెర నిండా సారమ్మ. రోజూ ఆమె చేతి టీ తాగేవాణ్ని, ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. కరుకంతా ఎటుపోయిందో పోయింది. బృందంలో చేరిన పదిహేడేళ్ల పిల్ల ఎట్లా ఉండేదో అప్పుడు తెలిసింది నాకు. జానీబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంబు దగ్గర ఫోన్‌లోంచి అబ్రార్ "అరె, మన సారమ్మ మేడమ్" అన్నాడు. సరిగ్గా అప్పుడు గోడ అవతల నుంచి ఆమె గొంతు వినపడింది.

"రాలే."

కెమెరా ముందుకు జరిగిపోయింది.

మొగుణ్ని దింపుకుని ఆమె వచ్చేసరికి పాట ఆఖరి మాట మీద ఉంది. బృందం మొత్తాన్ని దూరం నుంచి చూపిస్తున్నారు, మనుషులు బియ్యపు గింజలంత ఉన్నారు. సార్ చేతులనిండా తుప్పు. ఫోన్‌లోంచి అబ్రారే అన్నాడు, "మేడమ్, శానా బాగా పాడినారు. మొగం ఎంత దగ్గరికి చూపిచ్చినారో. సార్, మీరు చూసినారా?"

పాట ఆకాశం దాకా పోయి, జమ్మలమడుగులో దిగి, మళ్లీ కువైట్ దాకా పోయింది. మధ్యలో ఒక గోడ దాటలేకపోయింది. రేష్మా తర్వాత ఫోన్‌లో అంతా వెతికింది. దొరికింది గానీ, పెద్దల సందేశాల వరకే పెట్టారు.

"ఎట్లుండె జానీబీ నా మొగం?" అని అడిగింది సారమ్మ.

"శానా బాగుండె అక్కా."

నా వైపు చూసింది. ముప్పై ఏళ్లు పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ని, "బాగుందమ్మా" అన్నాను. ఆమె బాగుందా అని అడగలేదు. ఎట్లుందని అడిగింది. ఆమె "పోనీలే" అని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అంతకన్నా నాలుగు తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది.

చీకటి పడ్డాక సార్ మెట్ల మీద కూర్చుని, "తప్పు నాదే సార్" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినాలని స్టాఫ్ రూంలో పదకొండేళ్లు ఎదురుచూశాను. తీరా విన్నాక ఏ సంతోషమూ కలగలేదు.

క్రిస్మస్ పొద్దున చర్చి కిటకిటలాడుతోంది. సార్ ఎప్పటిమాదిరే ముందు వరుసలో, నేను ఆయన వెనక. బృందం అదే పాట ఎత్తుకుంది, మా వెనక నుంచి, మా తలల మీదుగా. రెండో చరణం వచ్చేసరికి సార్ లేచి నిలబడ్డాడు. బల్లకు వీపు పెట్టి, నిండా వెనక్కి తిరిగాడు. పాస్టరు గారు దగ్గారు. పక్కనున్న పెద్దాయన చెవి కోసం చెయ్యి లేపి, అది ఎవరి చెవో చూసుకుని దించేసుకున్నాడు. చర్చి అంతా సార్‌ను చూస్తోంది. సార్ గ్యాలరీ వైపే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పాడటం కాదు. నోటుబుక్కు తేలేదు కాబట్టి మనసులో రాసుకుంటున్నాడు.

వెనక్కి తిరిగే ధైర్యం నాకు లేదు. చెవులతోనే చూశాను. మూడో చరణం మొదట్లో సారమ్మ గొంతు తప్పిపోయింది. ఆమె కళ్లు తెరిచి చూసేసరికి, నలభై రెండేళ్లలో మొదటిసారి, అన్ని తలకాయల మధ్య ఒక మొహం ఉంది. ఒక వరుస మిగతావాళ్లే పాడారు. తర్వాత మళ్లీ అందుకుంది.

మధ్యాహ్నం భోజనానికి వాళ్లింట్లోనే ఉన్నాను. సారమ్మ కూర వడ్డిస్తోంది. సార్ అన్నం కలపకుండా, చదువుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"రెండో చరణం కాడ కండ్లు మూసుకుంటావు. పాట పైకి పోయేటప్పుడు ఎడమ కనుబొమ్మ లేస్తాది, కుడిది లేదు. గడ్డం కొంచెం పైకెత్తుతావు. గొంతు కాడ ఒక నరం కనపడ్తాది. చరణం అయిపోయినాక గూడా కొంచేపు కండ్లు తెరవవు. మొగంలో భయం ఉండదు. ఇంట్లో ఉన్నప్పటికన్నా శానా సుఖంగా ఉంటావు."

సారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, ఆయన కంచంలో ఇంకో ముక్క వేసింది.

"తల తిప్పితే అయిపోయే పనికి రెండూర్లు తిరిగి మిద్దెక్కినావు గదయ్యా" అంది.